వాడిపట్టి షెడ్డులో నేనన్న మాట

పోయిన నెల ఒక మధ్యాహ్నం కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని మా ఇంటికి మరియమ్మ వచ్చింది. తలుపు తీసి చూస్తే మొదట ఎవరో తెలియలేదు. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి, చెప్పులనిండా దుమ్ము. "నేను దేవసహాయం పెండ్లామమ్మా. వాడిపట్టి దేవసహాయం," అంది. లోపలికి రమ్మని కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది. "ఆయన దేవునికాడికి పోయి నెలయిందమ్మా. వాడిపట్టిలోనే పూడ్చల్లని అడిగినాడు, అట్లనే చేసినాము. వచ్చే ఆదివారం చర్చికాడ నలభయ్యో నాటి జెబం పెట్టుకోనుండాము. మీకు ఒక మాట చెప్పిపోదామని వచ్చినా," అంది. ఆమె గొంతులో కోపం లేదు, చనువూ లేదు. బంధువుల ఇళ్ళన్నీ తిరిగి చెప్పినట్టే నాకూ చెప్పింది.

కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను కాని, పాలు పొంగేదాకా స్టవ్ దగ్గర ఊరికే నిలబడ్డాను. ఆమె భర్త పొక్లెయిన్ నడిపేవాడు. ఆ భారీ తవ్వుడు బండి క్యాబిన్‌లో పైపుతో నీళ్ళు కొట్టి, దాని వైరింగ్ పాడుచేసి, ఇద్దరు మనుషుల ప్రాణాల మీదికి తెచ్చాడని మా వైపు చెప్పుకున్నారు. ఆ మాట మొదట అన్నది నేను. అది తప్పని కొన్ని నెలలకే నాకు తెలిసింది. తెలిసీ, ఇంట్లో ఒక్కరికి తప్ప, ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. యాభైకి దగ్గరపడ్డాను, ఈ చేతులతో ఎన్నో బండ్లు బాగుచేశాను, ఆ ఒక్కటి మాత్రం అలాగే వదిలేశాను.

మదురై దగ్గర వాడిపట్టిలో మా పెదనాయన ఇల్లూ, బండ్లు బాగుచేసే షెడ్డూ ఒకే ఆవరణలో ఉండేవి. మా నాయన కోయంబత్తూరులో మిల్లు గుమాస్తా. నేను అక్కడే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చుంటే, పెదనాయన ఒకరోజు వచ్చి నాయనతో అన్నాడు: "పిల్లను నాతో పంపు. కంప్యూటర్ పెట్టిన బండ్లు వస్తా ఉండాయి. నాకు ఇంజను తెలుసు, పంపు తెలుసు. ఆ తీగల కథ మాత్రం నా మండకు ఎక్కేది లేదు." ఆ మాటంటూ తల తట్టుకున్నాడు. ఆడపిల్ల గ్రీజు చేతులతో తిరగడమేమిటని అమ్మ మొహం ముడుచుకుంది. నాయన తన అన్న మాట కాదనలేకపోయాడు. చూసి వస్తానని వెళ్ళినదాన్ని నాలుగేళ్ళు ఉండిపోయాను.

ఆ ఇంట్లో తెల్లవారేసరికి రెండు వాసనలు కలిసి వచ్చేవి. పెద్దమ్మ రాగిసంకటి కెలికే వాసన ఒకటి, షెడ్డులోంచి డీజిలూ మాడిన హైడ్రాలిక్ ఆయిలూ కలిసిన వాసన ఒకటి. పెదనాయన తువ్వాలు ఎన్నిసార్లు ఉతికినా ఆ రెండో వాసన పోయేది కాదు. పెద్దమ్మ ఇంటి ముందు ముగ్గు వేసి, అదే పిండితో షెడ్డు ముందు కూడా ఒక ముగ్గు వేసేది. గంట తిరగకముందే ఏదో ఒక బండి దాన్ని తొక్కేసేది. అయినా మర్నాడు మళ్ళీ వేసేది. పనివాళ్ళ గ్లాసులు చూరు కింద కొయ్యలకు తగిలించి ఉండేవి. మా వాళ్ళవి ఇటువైపు, దళితుల కాలనీ వాళ్ళవి అటువైపు. ఇది నీది, అది నీది అని ఎవరూ చెప్పేవారు కాదు. ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ తగిలించేవారు. అప్పుడు నాకది వింతగా కూడా తోచలేదు. ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పెదనాయన చదివింది అయిదో తరగతి, అదీ తమిళంలో. కాని పాత ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, "పంపులో ఇత్తడి అరగతా ఉండాది" అంటే, పంపు విప్పి చూసినవాళ్ళు తల ఊపాల్సిందే. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. అంతసేపూ షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. ఒకసారి పెద్దమ్మ అన్నానికి పిలిస్తే కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఆపాడు. "బండి గుండెకాయ కొట్టుకొనేది వినపడతాదంట, నేను పిలిచేది మాత్రం వినపడదంట," అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళిపోయింది. ఆరోజు ఆయన చల్లారిన సంకటే తిన్నాడు.

క్వారీలో ఏడెనిమిదేళ్ళు రాళ్ళతో పోరాడి అలిసిపోయిన ఒక పొక్లెయిన్‌ను అద్దెకు తిప్పడానికి పెదనాయన కొని మా షెడ్డుకు తెచ్చాడు. మాకు వచ్చిన మొదటి కంప్యూటర్ బండి అదే. ఇంజనుకు ఒక పెట్టె, పంపుకు ఒక పెట్టె, డ్రైవరు ముందు ఒక చిన్న తెర. ఈ మూడూ మెలితిప్పిన రెండు సన్నటి తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ మాట తెగితే తెర మీద ఎర్రదీపం వెలుగుతుంది, ఇంజను నీరసపడుతుంది, బండి చెయ్యి ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోతుంది. ఆ తీగలకు రెండు కొసల్లోనూ చెరొక నూట ఇరవై ఓముల రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ విప్పి, రెండు తీగల మధ్య మీటరు పెడితే అరవై చూపించాలి. నూట ఇరవై చూపిస్తే ఒక కొస తెగిపోయిందని అర్థం. నేను ఇదంతా గోడ మీద సుద్దతో గీసి చెబితే పెదనాయన గడ్డం గోక్కున్నాడు. "రెండు నూటిరవైలు కలిస్తే ఇన్నూట నలభై కదా అయ్యేది? అరవై ఎట్ల అయితాది? నీకు లెక్కలు నేర్పినోడు యాడ ఉండాడు, చూపించు," అన్నాడు. ఎంత వివరించినా ఆ లెక్క ఆయనకు మింగుడుపడలేదు. చివరికి అరవై అంటే నాడి బాగుందని మాత్రం గుర్తు పెట్టుకున్నాడు.

ఆ బండి వచ్చిన మొదటి అమావాస్యకు పెద్దమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నా దగ్గరికి వచ్చింది. మా ఇంట్లో ప్రతి అమావాస్యకూ బండ్లకు దిష్టి తీయడం ఆనవాయితీ. నిమ్మకాయను రెండు చెక్కలు కోసి, కుంకుమ అద్ది, రాళ్ళ ఉప్పు చల్లి, బండి తల మీద పెట్టాలి. మళ్ళీ అమావాస్య దాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. "ఏమే రాజీ, దీనికి తలకాయ యాడ ఉండాది? ట్రాక్టరుకైతే ముందర పెడ్తా. ఇదేమో బొంగరం మాదిరి తిరగతా ఉండాది. దీనికి ముందర ఏది, వెనక ఏది?" అని అడిగింది. నాకు నా డిప్లొమా చూపించుకునే అవకాశం దొరికింది. క్యాబిన్‌లో డ్రైవరు సీటు వెనకున్న పంపు పెట్టెను చూపించి, "ఇదే పెద్దమ్మా, దీని మెదడు. ఇది చెప్తేనే బండి కదిలేది," అన్నాను. "అట్లయితే ఆడనే పెట్టల్ల," అంది ఆవిడ. మోకాళ్ళ నొప్పులతో చక్రాల బదులుండే ఇనప చెయిన్ మీద కాలుపెట్టి ఎక్కలేకపోయింది కాబట్టి, పళ్ళెం నా చేతికిచ్చింది. నేనే ఎక్కాను, నేనే పెట్టాను. పెట్టె పైమూత క్వారీలోనే పగిలిపోయింది. దాని మీద ఒక రబ్బరు షీటు కప్పి ఉంచాము. నిమ్మచెక్కలను ఆ షీటు మీద పెట్టి, కళ్ళకద్దుకుని దిగాను. అప్పట్నుంచి ప్రతి అమావాస్యకూ ఆ పని నాదే.

ఆ బండిని నడిపినవాడు దేవసహాయం. ఊరి చివరి కాలనీలో ఇల్లు, ఆ వీధి కొసనే వాళ్ళ చర్చి. మా భాషే, తెలుగే, మాట్లాడేవాడు. మా ఇళ్ళలో పోయిన పాత మాటలు కూడా ఆయన నోట వినిపించేవి. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నేను పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆయన నన్ను చిన్నమ్మా అనేవాడు. బకెట్ పంటి కొనతో పాతిపెట్టిన నీళ్ళ పైపు చుట్టూ మట్టి తీసి, పైపుకు గీత పడకుండా బయటపెట్టగలడు. శనివారం మధ్యాహ్నం పని ఆపేసి బండి కడిగేవాడు. "ఆదివారం గుడిలో మోకాలేసినప్పుడు బండి మురికి మతికి రాకూడదు చిన్నమ్మా," అనేవాడు. చెయిన్లు, బకెట్, క్యాబిన్ బయటివైపు పైపుతో కడిగి, లోపల తడిగుడ్డతో తుడిచేవాడు. నేను వసారాలోంచి చూస్తే కనిపించేది మాత్రం పైపు పట్టుకున్న మనిషే.

ఆండిపట్టి దగ్గర ఒక రైతు పాత బావిని లోతు చేయిస్తుంటే మా బండి వెళ్ళింది. బకెట్‌కు గొలుసు తగిలించి, లోపలున్న ఇద్దరు మనుషులు బండరాళ్ళకు ఆ గొలుసు చుడితే, దేవసహాయం పైకి లాగుతున్నాడు. ఒక పెద్ద బండ సగం దూరం లేచింది. తెర మీద ఎర్రదీపం వెలిగింది. బండి చెయ్యి బిగుసుకుపోయింది. బండ ఆ ఇద్దరి నెత్తిన గాలిలో వేలాడుతూ నిలిచింది. గట్టు మీదున్నవాళ్ళు కేకలు పెట్టారు. కిందివాళ్ళు భయంతో గోడకు కరుచుకుపోయారు, తర్వాత ఎలాగో మెట్లు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు పైకి వచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని కబురు వాడిపట్టికి చేరేసరికి ఇద్దరు చచ్చి బతికారన్నట్టుగా ఉంది. పెదనాయన ఆరోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు ఉదయం బండి ట్రెయిలర్ మీద షెడ్డుకు వచ్చింది. దానితోపాటు ఆ రైతు వచ్చాడు, బావిలో ఉన్న ఇద్దరి బంధువులు వచ్చారు, చుట్టుపక్కల బండ్ల ఓనర్లు వచ్చారు. పదిమందికి తక్కువ లేరు. దేవసహాయం చూరుకు ఆవల నిలబడ్డాడు. పెదనాయన అందరి ముందూ నాతో, "నువ్వు చూసి చెప్పమ్మా. తప్పు బండిదా, మనిషిదా?" అన్నాడు. అన్నేళ్ళ అనుభవమున్న మనిషి, ఓనర్లందరూ సలహా అడిగే మనిషి, తీర్పు నా చేతిలో పెట్టాడు. నాకు ఇరవై మూడేళ్ళు. నాలో భయం కంటే గర్వమే ఎక్కువ.

మీటరు పెట్టాను. అరవై. తీగల కట్టను సీటు వెనకనుంచి కొంచెం కొంచెంగా ఊపుతూ వచ్చాను. పంపు పెట్టె దగ్గరికి వచ్చేసరికి అరవై కాస్తా నూట ఇరవై అయింది, వదిలితే మళ్ళీ అరవై. దొరికింది. పెట్టె మీదున్న ఎండిన నిమ్మచెక్కలను భక్తిగా రెండు చేతులతో తీసి పక్కన పెట్టాను. రబ్బరు షీటు తొలగించి, తీగలు పెట్టెలోకి వెళ్ళే కప్లర్‌ను విప్పాను. లోపలి పిన్నుల మీద పచ్చటి పొడి. ఒక పిన్ను సగం తినేసినట్టు సన్నబడింది. అందరూ మెడలు చాచి చూశారు. "తడి తగిలి పట్టిన తుప్పు," అన్నాను. "ఈ ఎండల్లో క్యాబిన్‌లోకి తడి ఎట్ల వచ్చె?" అని ఒక ఓనరు అడిగాడు. ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. నేను ఆలోచించలేదు. "శనివారం శనివారం కడగతారు కదా. లోపల కూడా పైపుతో కొట్టి ఉంటారు. వేరే దారే లేదు," అన్నాను.

దేవసహాయం ఒకడుగు ముందుకు వచ్చాడు. "నేను లోపల నీళ్ళు కొట్టలేదు చిన్నమ్మా. గుడ్డతోనే తుడిచేది," అన్నాడు. ఆ పెట్టె వైపు ఒకసారి చూశాడు, మళ్ళీ నేలకేసి చూశాడు. ఇంకేదో అంటాడనుకున్నాను. అనలేదు. అక్కడితో నేను ఊరుకోవచ్చు. కాని నాకు దొరికిన తప్పును ఒక పనివాడు అందరి ముందూ కాదన్నాడని పౌరుషం వచ్చింది. "అయితే ఈ తుప్పు ఆకాశంలోంచి పడెనా?" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. పెదనాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సరి, చాలు. రేపట్నుంచి రావద్దు," అన్నాడు. దేవసహాయం చూరు కింది కొయ్యనుంచి తన గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి తేని పట్నం దాకా ఏ ఓనరూ ఆయనను బండి ఎక్కనివ్వలేదు. రెండు నెలలు చూసి, పెళ్ళాం బిడ్డలతో కోయంబత్తూరు వెళ్ళిపోయాడని విన్నాను.

నేను పిన్నులు మార్చి, కప్లర్ శుభ్రం చేసి, బండిని నిలబెట్టాను. ఓనర్లు నన్ను పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు. కొత్త డ్రైవరు మా దూరపు బంధువే. ఆ మనిషికి బండి కడగడమనేది ఒకటుంటుందని తెలుసో లేదో కూడా నాకు సందేహం. సీటు కింద ఆవగింజలు చల్లితే మొలకెత్తేంత మట్టి ఉండేది. నాలుగు అమావాస్యలు గడిచాయి. అయిదో అమావాస్య వెళ్ళిన రెండో రోజు, షెడ్డు ఆవరణలోనే, మళ్ళీ ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ ఆ కప్లరే, ఆ పచ్చటి పొడే. ఈసారి పొడి తడిగా ఉంది, అందులో కొంచెం ఎరుపు కూడా ఉంది. పెదనాయన ఆయిల్‌ను చూసినట్టు దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాను. నిమ్మకాయ. రబ్బరు షీటు ఎత్తి చూస్తే, చిరుగులోంచి కారిన రసం తీగల వెంబడి కప్లర్ దాకా చార కట్టి ఉంది. ఉప్పు, పులుపు, కుంకుమ. ప్రతి నెలా నా చేత్తోనే పోశాను. బండికి మెదడు ఎక్కడుందో చెప్పిందీ నేనే.

పెదనాయనను షెడ్డు వెనక్కి పిలిచి చెప్పాను. ఆయన కూడా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాటిని తువ్వాలుకు తుడుచుకున్నాడు. "సరి, విడు. పెద్దమ్మకు చెప్పొద్దు. తెలిస్తే ఏడ్చి చస్తాది," అన్నాడు.

"దేవసహాయానికి?"

"చెప్పి ఏమి చేసేది? వాడు యాడనో పని చూసుకోనుండాడు. పదిమంది ముందర నువ్వు చెప్పింటివి, నేను పంపించింటిని. ఇప్పుడు తిరగేసి చెప్తే నీ మాటా నిలవదు, నా మాటా నిలవదు. ఇంకోసారి నిన్ను నమ్మి ఎవరు బండి ఇస్తారు?"

ఆయన నన్ను కాపాడుతున్నానని అనుకున్నాడు. నాకు నిజంగా కోపం రాలేదు. రావలసింది, రాలేదు. నోరు మూసుకోవడానికి ఒక పెద్దమనిషి అనుమతి దొరికిందని మనసు తేలికపడింది. తర్వాతి అమావాస్యకు నిమ్మకాయను దారంతో బండి ముందు వేలాడగట్టాను. పెద్దమ్మ ఎందుకని అడిగితే, లోపల వేడికి త్వరగా ఎండిపోతోందని అబద్ధం చెప్పాను. ఆవిడ చివరిదాకా అదే నమ్మింది.

తర్వాత పెళ్ళయి ఆర్.ఎస్. పురం వచ్చాను. ఇక్కడా అదే పని. పాత పొక్లెయిన్లు కొనేవాళ్ళు కొనేముందు నన్ను తీసుకెళ్ళి చూపిస్తారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలిస్తే ఏ పెట్టె ఏ పెట్టెతో మాట్లాడడం లేదో వరసగా చెప్పేస్తుంది. గోడ మీద సుద్దగీతలు అక్కర్లేదు. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఆ వరస చూసి పెట్టెనే మార్చేద్దామంటారు. "మాట ఎక్కడ తెగిందో అది చెబుతుంది, ఎందుకు తెగిందో చెప్పదు. అది మీరే వెతకాలి," అని వాళ్ళకు ప్రతిసారీ చెబుతాను. ఎంత బాగా చెప్పారు మేడమ్ అంటారు. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం ఇంతవరకూ వాళ్ళకు చెప్పలేదు. ఇక్కడి షెడ్డు చూరు కింద కొయ్యలు లేవు, అందరికీ కాగితం కప్పులే. అది బాగుపడడమేనని ఒప్పుకుంటాను. కాని నేను బాగుపడ్డానా అని అడిగితే చెప్పడం కష్టం. ఎందుకంటే ఒకసారి ఊరి బయట ఒక మిల్లులో బండి చూడడానికి వెళ్తే, గేటు దగ్గర వాచ్‌మన్ ఖాకీ చొక్కాతో దేవసహాయం నిలబడి ఉన్నాడు. "బాగుండారా చిన్నమ్మా? అయ్యగారు బాగుండారా?" అని అడిగాడు. గేటు దగ్గర మేమిద్దరమే ఉన్నాము. నేను బాగున్నానన్నాను. ఆయన గేటు తీశాడు. పని అయ్యాక నేను వెనక గేటునుంచి వెళ్ళిపోయాను.

ఇదంతా, ఏదీ దాచకుండా, ఆ మధ్యాహ్నం మరియమ్మకు చెప్పాను. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని విన్నది. కాఫీ మీద మీగడ కట్టింది.

"ఆయనకు తెలుసమ్మా," అంది.

"ఏం తెలుసు?" అన్నాను.

"రసం కారి తీగల మీద పడతా ఉండాదని రెండో నెలే చూసినాడు. ఇంటికొచ్చి చెప్పినాడు. తీసి పారెయ్యరాదా అంటిని. అది వాళ్ళ దేవుని కాయ, కాలనీవాని చెయ్యి తగిలిందంటే పని పోయేది అటుండనీ, ఊర్లో నిలవనీరు అనె. గుడ్డతో చుట్టూ తుడిచి తుడిచి వస్తా ఉండె. లోపలికి పోయింది ఆయనకు కనపడలే."

"మరి ఆరోజు చెప్పలేదేం?"

"చెప్పింటే ఎవరు నమ్ముతారు? తప్పు చేసి అమ్మగారి పూజ మీద తోసినాడని ఇంకో నింద కట్టుదురు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను. నన్ను క్షమించమని అడిగాను. ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, నన్ను లేవమని కూడా అనకుండా నెమ్మదిగా చెప్పింది. "ఆ మాట పదిమంది ముందర అంటిరి. ఇది నా ఒక్కదానికి, తలుపు మూసుకోని చెప్తా ఉండారు. నా కొడుకు పీటరు ఇప్పుడు వాడిపట్టిలోనే పొక్లెయిన్ నడపతా ఉండాడు. ఈ పొద్దుటికీ వాని చేతికి బండి ఇచ్చేటప్పుడు, మీ నాయన మాదిరి కడిగెయ్యొద్దురా అని నవ్వతారు. వాడు కూడా నవ్వతాడు. ఇంటికొచ్చి అన్నం తినడు."

ఈ జ్ఞాపకాలు తెలుగులో రాస్తున్నాను. అక్షరాలు నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. మా వైపు తెలుగు ఇళ్ళలో మాట్లాడడమే తప్ప చదవడం లేదు. పీటర్‌కు బండి ఇచ్చే ఓనర్లు తమిళం చదువుతారు. ఇక్కడ నేనెంత రాసినా వాళ్ళు ఈ పుస్తకం తెరవరు. కాబట్టి రాయడం చాలదని మరియమ్మ వెళ్ళిన ఆ సాయంత్రమే తెలిసింది.

ఆదివారం వాడిపట్టి వెళ్ళాను. పెదనాయనా పెద్దమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. చర్చి పక్కన షామియానా వేశారు. కాలనీవాళ్ళతోపాటు పీటర్ పనిచేసే బండ్ల ఓనర్లు కూడా వచ్చారు, ఆ పాత ఓనర్ల కొడుకులే చాలామంది. ప్రార్థన అయ్యాక పాస్టర్‌ను అడిగి ముందు నిలబడ్డాను. ఇంటి మాటల్లోనే చెప్పాను. బండి పాడైంది నీళ్ళతో కాదని, నిమ్మకాయ రసంతో అని, ఆ నిమ్మకాయ పెట్టింది నేనేనని, దేవసహాయానికి అది ముందే తెలుసని, మా ఇంటి భయంతోనే చెప్పలేకపోయాడని, ఆ సంగతి నాకూ తెలిసి నా పేరు కోసం దాచానని. నేను చెప్పడం అయిపోయేదాకా మరియమ్మ తల వంచుకునే ఉంది. ఓనర్లలో ఒకతను లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. ఆండిపట్టి బావిలో ఆరోజు ఉన్న ఇద్దరిలో ఒకడు. "బండ నా నెత్తిన వేలాడతా ఉన్నె. గట్టు మీద అందరూ పరిగెత్తిరి. దేవసహాయం మాత్రం సీటు ఇడవలే. బండి పల్టీ కొట్టి బావిలోకి పడితే వాడే ముందు పోతాడు. అయినా లివర్ పట్టుకోని, ఎడం కాలు పైమెట్టు మీద పెట్టు, కిందికి చూడొద్దు అని ఒక్కొక్క మెట్టూ నాకు చెప్పి ఎక్కించినాడు. ఆ మాట నేనూ ఎవరికీ చెప్పలే. అందరూ వాన్ని తిడతా ఉండ్రి, నేనూ ఊరకుంటిని," అన్నాడు.

పీటర్ లేచాడు. నా వైపు చూడలేదు. షామియానా దాటి వెళ్ళి, బయట ఆడుకుంటున్న తన ఇద్దరు పిల్లలనూ చేతులు పట్టుకుని తీసుకువచ్చి ముసలాయన ముందు కూర్చోబెట్టాడు. "ఇంకోసారి చెప్పు తాతా. మొదట్నుంచి చెప్పు," అన్నాడు.